సానరాయి

అల్లిపురంలో నా మందుల కొట్టు.
నేను షట్టరు ఎత్తేసరికే మెట్టు మీద
గోనెపట్టా పరిచి ఉంటుంది నూకరత్నం.
వావిలాకు కట్టలు, తుమ్మికూర, శొంఠికొమ్ములు,
పాడేరు బస్సులో దిగిన పచ్చి పసుపు,
గుప్పెడు నీలగిరి ఆకు.
మధ్యలో ఒక సానరాయి,
వాళ్ల అత్తగారిదట,
అరిగీ అరిగీ నడుం పల్లమైపోయింది.

అద్దె అడగలేదు నేను.
పొద్దుగూకాక ఓ వావిలి రెమ్మ
గల్లాపెట్టె మీద పెట్టి పోతుంది.
"దోమలు రావు బాబూ."
దోమలు వస్తూనే ఉంటాయి.

తలనొప్పికేదైనా ఇమ్మని
రోజుకి నలభైమంది వస్తారు నా దగ్గరికి.
పోర్టులో బొగ్గు దులుపుకున్నవాళ్లు,
రుషికొండ ఆఫీసుల్లో రాత్రంతా
ఎవరి తిట్లో చెవుల్లో పోయించుకుని
తెల్లారి బస్సు దిగే పిల్లలు,
ఎండంతా నెత్తిన మోసుకొచ్చే చేపల తట్ట ఆడవాళ్లు.
ఎక్కడ నొప్పి అని అడగను.
రెండు బిళ్లలు కత్తిరించి ఇస్తాను, చిల్లర ఇస్తాను.

నూకరత్నం అడుగుతుంది.
"ఏటమ్మా, కణతలా, మాడా, మెడెనకా?
పొద్దుతో ఎక్కుతాదా, పొద్దుతో దిగుతాదా?
రేత్రేటి తిన్నావు? అసలు తిన్నావా?"
సగం మందికి ఆ ప్రశ్నల దగ్గరే
నుదురు కాస్త వదులవుతుంది.

జలుబు పట్టిన తలకి వావిలాకు ఆవిరి,
దుప్పటి ముసుగులో, చెమట ధార కట్టేదాకా.
ఎండదెబ్బ తలకి రాత్రి నానేసిన ధనియాల నీళ్లు.
పార్శ్వపు నొప్పికి శొంఠి గంధం, చీకటి గది,
"అది మొండిది, దాంతో మాటాడకు."
ఆకలి తలకి మాత్రం ఆకులేవీ కట్టదు.
తన టిఫిను మూత తీసి
చోడంబలి గ్లాసులో పోసి ఇస్తుంది.

నాకూ ఉంది ఒక మొండిది, ఎడమ కణతలో.
సముద్రం గాలి బిగదీసిన మధ్యాహ్నాల్లో వస్తుంది.
నా అరల్లోని బిళ్లల పేర్లన్నీ దానికి కంఠస్థం.
ఓ మే నెలలో షట్టరు సగం దించి
కౌంటరు వెనక కూలబడితే
కింద సందులోంచి ముందు సానరాయి వచ్చింది,
తరవాత ఆమె.
నీళ్లచుక్క. గరగర. మళ్లీ గరగర.
ఆ చప్పుడు మొదట నొప్పి మీదే రుద్దినట్టుంది.
నుదుట చల్లగా తగిలి, వెంటనే మంట.
ఆ మంటలో నొప్పి దారి తప్పింది.
పోయిందో, దాక్కుందో,
ఫార్మసీ చదివిన నేను చెప్పలేను.

కార్తీకంలో ఒకరోజు
కొట్టులో ఎవరూ లేనిది చూసి లోపలికొచ్చింది.
కొంగు ముడి విప్పి పది రూపాయల బిళ్ల పెట్టి
"తలనొప్పి మాత్తరొకటియ్యి బాబూ.
ఎవులికీ సెప్పకు."
నవ్వొచ్చింది. ఆమె మొహం చూశాక పోయింది.
"శొంఠి ఉందిగా నీ దగ్గర?"
"ఉన్నాది. అరగదీస్తే సెయ్యీ నాదే, నుదురూ నాదే.
ఇంకెవులి సెయ్యో తగిల్తేనే గదా బాబూ అది మందు."

బీపీ పట్టా చుట్టాను.
నూట డెబ్బై ఎనిమిది.
ఇంకోసారి చుట్టాను. తగ్గలేదు.
"అదెంత?" అంది,
వంకాయల ధర అడిగినట్టు.
మాత్ర ఇవ్వలేదు. మేనకోడలికి ఫోన్ చేశాను:
రేపు కాదు, ఇవాళే కేజీహెచ్‌కి తీసుకెళ్లు.

ఆటో వచ్చేదాకా మెట్టు మీద కూర్చున్నాం.
సానరాయి నా ఒళ్లో పెట్టుకున్నాను.
"నీళ్లెక్కువైపోనాయి."
"అలాక్కాదు, గుండ్రంగా తిప్పు."
"ఇన్ని సదువులు సదివి గంధం తియ్యడం రాదేటి?"
రెండు వేళ్లతో రాశాను.
పన్నెండేళ్లుగా రోజూ చూసిన నుదురు
ఇంత చిన్నదని తెలీదు నాకు.
బొట్టు చెరపొద్దని మాత్రం హెచ్చరించి
కళ్లు మూసుకుంది.

బైకు ఆగింది. హెల్మెట్ తియ్యకుండానే
"తలనొప్పికేదైనా ఇవ్వండి" అన్నాడొకతను.
నా వేళ్ల నిండా శొంఠి.
లేవలేదు.
"ఎక్కడ?" అని అడిగాను.