రేకు నాలుక

నాలుగున్నరకి అక్కుపల్లిలో బండి తీస్తాను.
రాత్రంతా సముద్రం ఉప్పు ఊదిన ఓమ్నీ.
చక్రాల లోపలి పళ్లేలకి ఎర్రగా తుప్పు పూసి ఉంటుంది.
మొదటి బ్రేకుకి కర్రుమంటుంది, రెండోదానికి సర్దుకుంటుంది.
అది మామూలే, ముసలాడు లేచి గొంతు సవరించుకున్నట్టు.

ఇది వేరే.
దసరా వెళ్లిన వారం మొదలైంది.
పలక మీద బలపం వంకరగా గీసినట్టు
కాలు పెడితే కీచు, తీస్తే ఊరుకుంటుంది.
గరుడభద్ర మలుపులో కీచు,
పూండి గేటు దగ్గర బారు కీచు.
లారీవాళ్లు తల బయటపెట్టి మరీ చూసేవారు.

సలహాకి డబ్బులక్కర్లేదు కదా.
టీ కొట్టు దానయ్య: "సబ్బునీళ్లు కొట్రా."
సోడాల కుర్రాడు: "గ్రీజు రాసీ అన్నా, నున్నగా జారిపోద్ది."
జారిపోద్ది, నిజమే,
గేటు తోసుకుని ఎక్స్‌ప్రెస్ కిందకి.
మా బామ్మర్ది ఒక్కడే తెలివైనోడు:
"పాటలెట్టుకో బావా, ఇనపడదు."
అదే చేశాను.
కార్తీకమంతా పాటలే.
కీచు పెరిగినకొద్దీ పాట పెంచాను.

వెనక తొమ్మండుగురు ఆడోళ్లు, కాశీబుగ్గ జీడి ఫేక్టరీకి.
సీట్లు పీకి బల్లలేశాను.
మోకాలికి మోకాలు, ఒళ్లో చద్దికేరేజీలు.
"నీ పాటలొగ్గీ లోకనాదం,
బండి పాటే బాగున్నాది" అని నవ్వేవోరు.

ఒకరోజు గేటు పడుతోంది.
తొక్కాను. ఇంకా తొక్కాను.
కాలు ఎప్పుడూ వెళ్లనంత లోపలికి వెళ్లింది.
అడ్డకర్రకి జానెడు దూరంలో ఆగాం.
ఆవేళ ఎవరూ నవ్వలేదు.

టెక్కలి రోడ్డులో కూర్మారావు షెడ్డు.
చక్రం ఊడదీసి బ్రేకు ముక్కని అరచేతిలో పెట్టాడు.
అప్పడం నయం.
దాని అంచున చిన్న రేకు, పిల్లి నాలుకంత.
"మందం అరిగిపోతే ఇది పళ్లేనికి తగుల్తాది.
అరుస్తాది.
అరవడానికే ఎట్టినార్రా దీన్ని!
రెండు నెల్లు పిలిసినాది నిన్ను.
నువ్వు పాటలెట్టినావు."
పళ్లెం కూడా గాడి పడిపోయిందన్నాడు.
రెండు వేల ఎనిమిది వందలు.
బేరం ఆడడానికి నోరు రాలేదు.
పాత ముక్కని చొక్కా జేబులో వేసుకున్నాను, ఎందుకో.

మర్నాడు బండి వెన్నలా ఆగింది.
గరుడభద్ర మలుపులో దీపం కింద ఒక్క మనిషి లేదు.
ఇన్నాళ్లూ ఆ కీచు విని ఇళ్లల్లోంచి బయల్దేరేవారట.
నాకేం తెలుసు?
ఐదు నిమిషాలకి తవిటమ్మ పరుగెత్తుకొచ్చింది,
జుట్టు ముడి సగంలో.
"ఏటిరా, దొంగలాగొచ్చీసినావు!"

తలుపు పట్టుకున్న చెయ్యి లైటు కిందకొచ్చింది.
జీడి సొన తిన్న వేళ్లు,
నల్లగా, నున్నగా,
గీత అన్నది లేకుండా.
"రేషను మిషను ఎవరివే నువ్వంటాది" అంది వెనక్కి జరుగుతూ.
"నొప్పెట్టదా?"
"మొదట్లో ఎట్టీది.
ఇప్పుడేటీ తెలీదు."
జేబులో ముక్క గుండెకి గుచ్చుకుంది.
లోడు వల్ల కాబోలు, ఇరుకు వల్ల కాబోలు.

పాటలు పెట్టలేదు.
పూండి గేటు దాకా తొమ్మిది గొంతులు వినపడ్డాయి.
కిలోకి ఎంత కోసుకుంటున్నారో,
ఎవరు చేతులకి బూడిద రాస్తారో, ఎవరు ఆముదమో,
ఎవరి పిల్ల పుస్తకం ఇంకా కొనలేదో.
రెండు నెలలు నా వెనకే ఉన్న మాటలు.

"రేపట్నుంచి హారనైనా కొట్టు" అన్నారు దిగుతూ.
హారన్ చచ్చి ఏడాదైంది.
కూర్మారావు దానికి మళ్లీ ఎంత చెబుతాడో.

అందాకా
తెల్లారగట్ల మలుపులో బండి ఆపి
అద్దంలోంచి మెడ సాచి అరుస్తున్నాను:
"తవిటమ్మా! ఓ నీలమ్మా! బయల్దేరండే!"
ముందు కుక్కలు పలుకుతాయి.
తర్వాత ఒక్కో తలుపూ.