ఆటు వేళ

మంగళ, బుధవారాలు నావి కావు.
హాంబర్గులో ఒక బీమా కంపెనీకి
గంటకింతని కొలిచి అమ్మేశాను.
పంతొమ్మిదేళ్ల కిందట ఎవరో రాసి వదిలేసిన ప్రోగ్రాములో
ముడులు విప్పడం నా పని.
ఒకచోట అతను "ఇది ముట్టుకోవద్దు" అని రాసి పోయాడు.
ముట్టుకుంటాను. డబ్బులిచ్చేది దానికే.

తెర మీద లూడెకె గారి ముఖం,
వెనక కుండీలో ఎన్నాళ్లకీ ఎదగని జెముడు మొక్క.
"సబేలా, ఈ వారం ఇంకో రోజు ఇవ్వగలవా?"
ఇవ్వగలను.
అదే కదా చిక్కు.

నా కిటికీ కింద, నోయాలో,
ఏరు సముద్రంలో కలిసేచోట నీళ్లు వెనక్కి తీస్తాయి.
రబ్బరు బూట్లు, గొర్రులు, బకెట్లు.
ఆడవాళ్లు బురదలోకి దిగుతారు గుల్లల కోసం.
పెదవి చివర ఆరిపోయిన సిగరెట్టుతో
మా పిన్ని దొరిందా అందరికన్నా ముందు.
నీళ్లు ఎప్పుడు పోతాయో వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు.
ఎవరెన్ని కిలోలు తీశారన్నదే
తడి కాగితం మీద సిరా కారిపోయి
సాయంత్రం కాటా దగ్గర రోజూ ఒక రగడ.

నేను కడుతున్నది ఆ రగడ కోసం:
తడి వేలితో నొక్కినా పలికే లెక్కల పుస్తకం, ఫోన్లో.
పదకొండు నెలలైంది. వాడేవాళ్లు తొమ్మండుగురు.
వచ్చింది ముప్ఫయ్యారు యూరోలు,
ఒక బకెట్టు గుల్లలు.

హాంబర్గు ముడి ఒకటి విప్పితే
నా సర్వరుకి నెల గ్రాసం.
చన్నీళ్లకి వేణ్ణీళ్లు తోడనుకున్నాను.
పోస్తూ పోస్తూ ఉంటే
చన్నీళ్లు ఏ మూలనున్నాయో కనబడడం మానేసింది.
గురువారం ఇచ్చాను. శుక్రవారం ఇచ్చాను.
అక్టోబరు చివర సోమవారం కూడా.

ఆ ముందు రాత్రే
ఊరంతా గడియారాల్ని గంట వెనక్కి తిప్పుకుంది.
నా పుస్తకం తిప్పుకోలేదు.
బురదలో వాళ్లు ఇంకా వంగి ఉండగానే
"ఈ రోజు లెక్క ముగిసింది" అని మూసుకుంది.
తొమ్మండుగురూ ముంజేతుల మీద
పెన్నుతో కిలోలు రాసుకుని
వరసగా నా గుమ్మం ముందు నిలబడ్డారు.
నేను చెవుల్లో హాంబర్గు పెట్టుకుని
ఒక్క నిమిషం అని వేలు చూపించాను.
ఆ వేలు ఇప్పటికీ గుర్తొస్తుంది.

గంటలమ్ముకునేదాన్ని,
ఒక గంట లెక్క తప్పాను.

పిన్ని తిట్టలేదు. చెయ్యి చాచింది:
పద్నాలుగున్నర.
"ఇది చెరిగేలోపు ఎక్కించు" అంది.

రాత్రి లూడెకె గారికి రాశాను: ఇక రెండు రోజులే.
సరే అన్నాడు, సులువుగా, కొంచెం నొచ్చుకునేంత సులువుగా.
ఈ నెల అద్దె కట్టాక ఏం మిగులుతుందో
వెయ్యకుండా వదిలేసిన కూడిక.

ఇవాళ సోమవారం. గట్టు మీద కూర్చున్నాను,
ఒళ్లో కంప్యూటరు, చేతులు కొంకర్లు పోతూ.
పిన్ని బురద బొటనవేలితో ఒకటి నొక్కింది.
పదకొండు పడింది.
"మళ్లీ నొక్కు" అన్నాను.
నీళ్లింకా వెనక్కే పోతున్నాయి.