చివరి డి

పళ్లు కోసేటప్పుడు నాన్న ఊపిరి బిగబడతాడు.
గేదె కొమ్ము వేడికి మెత్తబడ్డాక
రంపం ఎక్కడ దిగాలో చేతికే తెలుస్తుందంటాడు.
నాకేమో మాట ఎక్కడ తెగుతుందో తెలీదు.

కాగితాలు కోసే కత్తులు, రెండు డజన్లు,
ఫ్రాన్సు నుంచి బేరం.
కూప్ అంటే కొయ్యి, పాపియే అంటే కాగితం.
కలిపితే నడుమ రెండు పకారాలు ఢీకొన్నాయి.
"ద్విత్వమే కదే!" అన్నారు దండాసి మాస్టారు,
ఫ్రెంచి ముక్క రాకపోయినా.
ఆర్డరు కాగితం వెనకే గణాలు గీశారు:
గురువు మా కొమ్ములాగే వంగి,
లఘువు దువ్వెన పన్నులా నిలబడి.

ఆ గీతలకి ఆ భాష లొంగలేదు.
ఇంద్రధనుస్సుకి వాళ్ల మాట ఆర్క్, ఆఁ, సియెల్.
పలికేసరికి మొదటి మాట కొసనున్న క
గట్టు దాటి పక్క మాటలో కూర్చుంటుంది,
ఆర్-కాఁ-సియెల్,
మహేంద్రతనయకి అవతల పొలం కౌలుకి తీసుకున్నట్టు.
ముందు నడిచేవన్నీ చేతులూపుకుంటూ పోతాయి.
బరువంతా ఆఖరి అక్షరానిదే,
సంత నుంచి వస్తూ వెనకబడ్డ మనిషి నెత్తికి
అందరి మూటలూ ఎత్తినట్టు.

నిన్న ఫోనులో అడిగాడు, ఏ ఊరని.
నాన్న పారళాఖెముండి అన్నాడు, ఒడియాలో.
నేను పర్లాకిమిడి అన్నాను.
ఊరిని ఎక్కడ విడగొట్టాలో
మా ఇంట్లోనే ఇంకా తేలలేదు.
అతను కూడబలుక్కుని
పర్లాకిమిదీ అన్నాడు.

నవ్వొచ్చింది. తర్వాత రాలేదు.
ఆ చివరి డి మీద
మేమెవరం ఎప్పుడూ ఆగలేదు.

ధర చెప్పడం మర్చిపోయాను.