చేతికి సంతకం

కొత్తపేటలో మూసేస్తున్న స్టూడియోలో
జోజిబాబు దగ్గర కెమెరా కొన్నాను,
పద్దెనిమిది వేలు, రెండు వాయిదాలు.
లెన్సు అంచున సన్నగా బూజు.
"కనపడదులే, పెళ్లిళ్లలో ఎవడు చూస్తాడు" అన్నాడు.
నేను తీసేది పెళ్లిళ్లు కాదని చెప్పలేదు.

ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీలో
బస్తాల లెక్క రాస్తాను నేను.
లోపల చలి, బయట గుంటూరు.
తలుపు తీసిన ప్రతిసారీ
కెమెరా కంటికి చెమట పడుతుంది.
చొక్కా కొసతో తుడిచి, తుమ్మొచ్చేలోపు నొక్కాలి.

మొదట పంపినవి పది.
పదీ తిరిగొచ్చాయి.
ఒకదానిలో నాయిస్ ఎక్కువట,
మిరపకాయ ఫొటోలో శబ్దమేమిటో
ఆ రాత్రి ఫోనుకు చెవి పెట్టి మరీ విన్నాను.
ఒకదానిలో వెనక బస్తా మీద కంపెనీ పేరుందట.
ఒకటి వంకర.
ఒకదానికి, ఇలాంటివి మా దగ్గర చాలా ఉన్నాయి, అని.
నిజమే. యార్డులోనూ అదే మాట అంటారు
ధర తగ్గించే రోజున.

ఫొటో ఒక్కటి పంపితే చాలదు,
కింద యాభై మాటలు రాయాలి, ఇంగ్లీషులో,
ఎక్కడో ఎవరో వెతికితే దొరికేలా.
ఎరుపు. ఎండు. మసాలా. కుప్ప. ఇండియా.
పదిహేను దగ్గర ఆగిపోయాను.
కారం అందామంటే వాళ్లకది వేడి.
ఘాటుకి మాటే దొరకలేదు.
తేజ వేరు, బాడిగ వేరు, తాలుకాయ వేరని
ఎవరికి చెప్పను?
కాటా దగ్గర పోలేరయ్యని అడిగితే
"అప్పు అని రాయి" అన్నాడు.
రాశాను. ఆ మాటకి స్పెల్లింగు తెలుసు నాకు.

మస్తాన్‌బీ తొడిమలు తీస్తోంది.
చూపుడువేలికి గుడ్డపీలిక, గోళ్ల సందున ఎరుపు.
మొహం పడకుండా చెయ్యొక్కటే తీశాను.
మనిషి ఒప్పుకున్నట్టు కాగితం కావాలన్నారు వాళ్లు.
పట్టుకెళితే పని ఆపకుండానే నవ్వింది.
"చేతికి సంతకమేందయ్యా,
పెట్టేదే అది కదా."

ఎక్కడికి పోతుందిది?
తెలీదన్నాను.
ఎవరు చూస్తారు?
తెలీదన్నాను.
మరి నీకేం తెలుసు?
వెలుతురుని ఎంతసేపు లోపలికి రానివ్వాలో,
అదీ ఇప్పుడిప్పుడే.

"కూర పొడి డబ్బా మీదైతే వేసుకోమను.
పురుగుమందు డబ్బా మీద వేస్తే ఊరుకోను."
అలా కాగితంలో రాసి లేదు.
లేదనీ చెప్పాను.
కాసేపు నన్నే చూసి,
కుడి నుంచి ఎడమకి పేరు రాసింది.
అంచున ఎర్రటి వేలిమరక పడింది.
తుడవకుండానే స్కాన్ చేశాను.

ముందు అమ్ముడైంది ఆ చెయ్యి కాదు.
ఫోకస్ చూసుకోడానికి తీసిన గోడ,
చెమ్మకి పెచ్చులూడిన మా స్టోరేజీ గోడ.
ఎవరు కొన్నారో, దేనికో.
ఇరవై ఒక్క రూపాయి.
అదీ చేతికి రాదు, ఇంకా చాలా పోగవ్వాలట.
ఆ గోడకే ఆనుకుని టీ తాగాను, ఖాతాలో రాయించి.
పదకొండేళ్లుగా దాని పక్కనుంచే నడుస్తున్నాను,
దాని మీద ఒక పడవ ఆకారం ఉందని
అమ్మాకే చూశాను.

చెయ్యి ఫొటో కింద మిగిలిన చోట
ఇంకేం తోచక ఆమె పేరు రాశాను.
మొన్న రాత్రి ఊరికే ఆ పేరు కొట్టి వెతికాను.
కోట్ల ఫొటోల్లోంచి
ఒక్కటే వచ్చింది.

పొద్దున్నే ఫోను తీసుకెళ్లి చూపించాను.
రెండు వేళ్లతో పెద్దది చేసి చూసింది,
ఫోనంతా కారం.
ఏమంటుందో అని నించున్నాను.
"గోరు పగిలింది చూడు" అంది.
"రంజానుకి మైదాకు పెట్టుకుంటా,
అప్పుడు మళ్లీ తియ్యి.
ఈసారి గాజులు కూడా పడాలి."