యా నేల మీదికి

గుంతకల్లు రోడ్డులో బాబయ్య టైర్ల కొట్టు ముందు
కొత్త జీపు ఆపాను.
సీట్లకు ప్లాస్టిక్ తొడుగులు ఇంకా తీయలేదు.
పూజలో తొక్కించిన నిమ్మకాయ గింజొకటి
ముందు టైరు గాడిలో ఇరుక్కునే ఉంది.

"నాలుగంగుళాలు లేపాల" అన్నాను దిగీ దిగకముందే.
ఫోన్లో బొమ్మ చూపించాను.
ఎక్కడిదో మంచుకొండ,
ముప్పైమూడు సైజు టైర్లు బురద చిమ్ముతుంటే
ముందుకాళ్లు లేపి ఢీకి దూకే పొట్టేల్లా బండి.

బాబయ్య బొమ్మ వైపు చూడలేదు.
చేతుల గ్రీజు బనీనుకు పూసుకుంటా అడిగినాడు:
"యా నేల మీదికి మేడమ్మా?"

పంతొమ్మిదేండ్లుగా ఈ మండలంలో గొర్రెలకు సూదులేస్తున్నాను,
నన్నా అడిగేది?
అడిగాక మాత్రం నోరు పెగల్లేదు.

ఊరు దాటితే రేగడి.
ఎండితే పగుళ్లిస్తుంది, తడిస్తే పట్టుకుని వదలదు,
చెప్పు కింద ఇంకో చెప్పు మొలిపిస్తుంది.
వజ్రకరూరు వైపు తిరిగితే ఎర్రగరుసు.
పెన్నలోకి దిగితే
నీళ్లొచ్చిన ఏండ్లను వేళ్ల మీద లెక్కపెట్టే ఇసుక.
ఆ పైన కురుబ నింగప్ప మంద తోలే గుట్ట, దాని కింద
రాళ్లు పళ్లు బయటపెట్టుకుని పడుకున్న వంక.

పోయినేడు పాత కారు కడుపు అక్కడే చీలింది.
నూనె ఇసుకలోకి కారుతా ఉంటే
ఐసు పెట్టె నెత్తిన పెట్టుకుని నడిచాను.
మంచు కరిగింది, మందు చెడిపోయింది,
నీలినాలుక నాకంటే ముందే గుట్ట ఎక్కింది.
నింగప్ప ఒక్క మాటా అనలేదు.
పోయినవాటికి ఒక్కో గీత చొప్పున
కట్టెపుల్లతో నేల మీద గీసుకుంటా పోయినాడు.

ఇదంతా బాబయ్యకు చెప్పలేదు.
"అన్ని నేలలకూ" అన్నాను.

"అన్నిటికీ ఒకటే టైరంటే
అది దేనికీ పూర్తిగా పనికిరాని టైరు" అని నవ్వి
లోపల్నుంచి రెండు దొర్లించుకొచ్చినాడు.
ఒకటి ఎద్దు గిట్టంత గడ్డలది, బురదకు రాజు,
తారురోడ్డెక్కితే చెవులు తింటాదంట.
ఇంకొకటి సన్నగాడులది, మేకపిల్ల పాదం.
గొర్రె గిట్టల సందు చూసే అలవాటున
గొంతుక్కూర్చుని, బొటనవేలు గాడిలో పెట్టి నొక్కాను.
"పుండేమన్నా ఉందా?" అన్నాడు బాబయ్య.

తర్వాత జీపు కిందికి దూరి పిలిచాడు.
చున్నీ నడుముకు చుట్టి నేనూ దూరాను.
"ఇదో, ఈ ఇరుసు మధ్య గుండు చూడు.
కిట్టేసి నువ్వెంత లేపినా లేచేది పైన బాడీనే,
ఇది యాడుండేది ఆడే ఉంటాది.
దీన్ని లేపేది టైరొక్కటే.
నాలుగంగుళాలా? వంక దాటుతావు, మలుపులో పడతావు.
ఎత్తు ఊరికే రాదు మేడమ్మా,
నిలకడలోంచి కోసుకోని వస్తాది."

రెండంగుళాల దగ్గర ఒప్పుకున్నాం.
టైరు ముప్పైఒకటి, సన్నగాడులదే.
ఇసుకలో దిగేముందు సగం గాలి తీసెయ్యాల,
మళ్లీ నింపే పంపు సీటు కిందుండాల,
రేగడి తడిసినపొద్దు బండి గట్టున పెట్టి నడిచిపోవాల.

"ఇంకోటి. మీటరు అబద్ధమాడతాది.
చక్రం పెద్దదైంది కద, నలభై పోతే ముప్పైఏడంటాది."
నా టి.ఏ. బిల్లు గుర్తొచ్చి నవ్వొచ్చింది.
ఈ సీమలో దూరాన్ని తగ్గించి చెప్పేది
నాకు తెలిసి ఇదొకటే.

లేపిన జీపు పక్కన నిలబడితే
పాదం పెట్టే చోటు మోకాలు దాటి పైకి పోయింది.
నేను నాలుగడుగుల పదకొండు.
బాబయ్య ఏమీ అనకుండా
తుప్పుపట్టిన లారీ కమాన్ పట్టా ఒకటి కోసి
తలుపు కింద మెట్టుగా వెల్డింగు పెట్టినాడు.
దానికి డబ్బులు తీసుకోలేదు.

నెల తర్వాత, తొలకరి పడ్డాక,
గాలి చూపించుకోను పోతే
కొట్లో కుర్రోడు కరిముల్లా స్క్రూడ్రైవరుతో
గాడుల్లో రాళ్లు ఒక్కొక్కటే పెకలిస్తున్నాడు.
వంకలోవి, పెన్నవి, వజ్రకరూరు చేలవి.
తీసిన ప్రతిదాన్నీ ఎండకు పట్టి
ఒక కన్ను మూసి చూసి
ఆ తర్వాతే పారేస్తున్నాడు.

"దొరికిందా?" అన్నాను.
"ఇంకా రెండు టైర్లుండాయి మేడం" అన్నాడు.