చాప, చేప

విశాఖ జాలరిపేట బడి. కిటికీ కింద చాప పరిచి
నలుగుర్ని పిలిచాను.
బెంచీల మీద కొందరు కథలో మునిగున్నారు,
గుమ్మం దగ్గర ముగ్గురు వత్తుల మధ్య ఇరుక్కున్నారు.

మసేను వేలు పెట్టి చదివాడు: "చేప."
"చూడు, దీర్ఘమా, ఏత్వమా?"
కూర్చున్నదాన్ని తడిమి, "చాప."

తలెత్తాడు:
"మాయమ్మ కూడా ఇలాగే ఏరతాది టీచరు, హార్బర్లో.
పెద్దయి ఓ గంప, పిల్లయి ఓ గంప.
మాది ఏ గంప?"

రంగు చుక్కల రిజిస్టరు మూసేశాను.

సోమవారం, కథ ముగించిన బంగారమ్మని
ఆ చాప మీదే కూర్చోబెట్టాను.
వాడు చేపల పేర్లు చెప్తాడు, తను రాస్తుంది,
రాసింది వాడే చదవాలి.

చందువ అయింది.
తర్వాతది పొడుగు.
బయట ఎవరో ఐసు పగలగొడుతున్నారు.
కా... నా... గ... డ... త.
ఒక్క దీర్ఘమూ జారలేదు.