గడియకి గుడ్డ

పిక్క కోసం పంజరం చేయించాను.
పంజరమనొద్దంటుంది గౌరీశ్వరి, గది అనమంటుంది.
దాసన్నపేట వెల్డింగు షాపు దాలినాయుడైతే
"ఊసకీ ఊసకీ మద్దిన ఎంత ఒగ్గీమంటావు బావా,
నీకు తెలీందేటి" అని నవ్వాడు.
తెలుసు.
ఇరవై రెండేళ్లుగా సబ్ జైల్లో
పొద్దుగూకేసరికి తలలు లెక్కపెట్టి
గడియ వేసేవాణ్ణి నేనే.

మొదటిరోజు తలుపు మూసి చూశాను.
అది అరవలేదు. అరిచినా బాగుండేది.
వెనక్కి వెనక్కి జరిగి, తోక పొట్ట కిందకి లాక్కుని
ఉన్నచోటే తడిపేసింది.
కొత్తగా వచ్చిన కుర్రాళ్లు కొందరు
మొదటి రాత్రి అచ్చం ఇలాగే గోడకి అంటుకుపోతారు.
చూడనట్టు వెళ్లిపోతాను. అక్కడ అదే మర్యాద.
ఇంట్లో ఆ మర్యాద పనికిరాలేదు.
బకెట్టు తెచ్చుకుని నేల తుడిచాను.

పలాస రోడ్డులో దొరికింది ఇది,
టోల్ గేటు దాటాక, జోరువానలో,
వేయించిన జీడిపిక్క రంగులో.
లారీ హారన్ వినబడితే ఇప్పటికీ మంచం కింద దూరి
చెప్పుల మధ్య చెప్పులా పడుంటుంది.
ఉరిమితే ఆ చోటూ చాలదు, బీరువా వెనక ఇరుక్కుంటుంది.
ఒకసారి బీరువా జరపడానికి
పక్కింటి నుంచి ఇద్దరిని పిలవాల్సొచ్చింది.

వీధిగుమ్మం దగ్గర పెడితే పాలవాడి హారన్.
వంటింట్లో పెడితే కుక్కరు కూత.
వారం పాటు ఆ ఇనుప గదిని మోసుకుని తిరిగాను ఇల్లంతా.
కడకి కుట్టుమిషను పక్క మూల తేలింది:
ఫ్యాను గాలి తగులుతుంది,
మా మాటలు వినబడతాయి, ఎవరి కాలూ తగలదు.

మీద కప్పడానికి గంజి పెట్టిన చీర తెస్తే తిట్లు తిన్నాను.
"గరగరలాడతాది. దానికి సెవులు నేవేటి?"
ఉతికి ఉతికి మెత్తబడిన పొందూరు చీర తీసి
మూడు పక్కలు దించి, ఒక పక్క ఒగ్గేసింది.
కింద జూటు మిల్లు గోనె పరిచాను.
పిక్క తుమ్మి, బయటికొచ్చి, నావైపు చూసింది.
గోనె తీసేసి బొంత వేశాం.
బొంతలో నా పాత యూనిఫాం మోకాలి ముక్కొకటి ఉంది.
వాసన చూసి చూసి
ఆ ఖాకీ మీదే గడ్డం ఆనించింది.
ఆ బట్ట దగ్గర నిమ్మళించిన ప్రాణి
నాకు తెలిసి ఇదొక్కటే.

తర్వాత పనల్లా
ఉప్పు లేని నెత్తళ్లు రెండు లోపల పెట్టడం,
పిలవకుండా ఊరుకోవడం.
రెండోది నాకు రాని పని.
"నడు", "కూకో", "లోపలికెళ్లు" తప్ప
పెద్దగా మాటలు నేర్చుకున్నవాణ్ణి కాను.
పేపరు అడ్డం పెట్టుకుని
ఒకే వార్త నాలుగుసార్లు చదివాను.

ఒకరోజు మోచెయ్యి తగిలి గడియ టంగుమంది.
పిక్క చెవి కదిపిందంతే.
ఉలిక్కిపడింది నేను.
రోజుకెన్నిసార్లు చేస్తానో ఆ చప్పుడు,
చొక్కా విప్పి ఉన్నప్పుడు వినడం అదే మొదలు.
పాత తువ్వాలు చింపి గడియకి చుట్టాను.
దాలినాయుడొచ్చి చూసి
"గుడ్డ సుడతావేటి, తలుపే పీకీరాదా" అన్నాడు.
ఉండనీమంది గౌరీశ్వరి.
"తీసున్నాదని దానికి తెలాలి కదా."

మొన్న కుంభవృష్టి. కరెంటు పోయింది.
కంటోన్మెంటు వైపు ఆకాశం పగిలినట్టు ఉరిమింది.
టార్చి పట్టుకుని బీరువా వెనక వెతికాం, మంచం కింద వెతికాం.
చీర మడత కింద నుంచి
ఒక ముక్కు మాత్రం బయటికి, తడిగా.
మూడు చుట్లు తిరిగి, నిట్టూర్చి,
గురక పెట్టింది.
ఇద్దరం ఆ మూలనే చాప వేసుకున్నాం.

తెల్లారి డ్యూటీ.
మూడో నంబరు గది మూస్తూ
వేలు అడ్డం పెట్టి గడియని మెల్లగా జరిపాను.
లోపల చీకట్లోంచి ఎవరో అడిగారు:
"ఏటి బాబూ, నూనేసినారా?"
"ఆఁ" అన్నాను. "పడుకో."